ఇల్లు వదిలి వెళ్ళిన అన్నమయ్య, వెతుక్కుంటూ వచ్చిన అమ్మ

ఈ వారం వీడియోలో అన్నమయ్య తిరుమల కొండెక్కిన కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక ఒక ముక్క వదిలేశాను. నిజానికి నాకు బాగా గుచ్చుకున్నది ఆ ముక్కే. ఆయన ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లాడు. మరి వాళ్ళమ్మ సంగతేంటి?

ముందు తాతగారి దగ్గర మొదలుపెట్టాలి. ఆయన పేరు నారాయణయ్య, ఊరు రాజంపేట దగ్గర తాళ్లపాక. చదువు ఒంటబట్టట్లేదని పెద్దవాళ్ళు ఆయన్ని ఊటుకూరులో చుట్టాలింట్లో ఉంచారు (మనల్ని హాస్టల్లో వేసినట్టే అనుకోండి). అక్కడ గురువుగారి శిక్షలు తట్టుకోలేక ఆ పిల్లాడు ప్రాణమే వద్దనుకుని చింతాలమ్మ గుడి దగ్గర పాముపుట్టలో చెయ్యి పెట్టాడు. అమ్మవారు ప్రత్యక్షమై ఆపిందని, మూడో తరంలో గొప్ప హరిభక్తుడు పుడతాడని చెప్పి పంపిందని అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిపెట్టాడు. ఆ మూడో తరమే అన్నమయ్య.

1408లో పుట్టాడు. నాన్న నారాయణసూరి, అమ్మ లక్కమాంబ. ఉమ్మడి కుటుంబం. పిల్లాడికి ఎప్పుడూ పాటే, పని పట్టదు. ఇంట్లోవాళ్ళు విసిగిపోయి పశువులకు గడ్డి కోసుకు రమ్మని పంపారు. కొడవలి తగిలి వేలు తెగింది. అదే టైంలో తిరుపతి వెళ్ళే యాత్రికులు పాడుకుంటూ వస్తున్నారు. కొడవలి అక్కడే పడేసి వాళ్ళ వెంట నడిచాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర అలమేలుమంగమ్మ దర్శనం మీరు వీడియోలో చూశారు.

కొన్నాళ్ళకు లక్కమాంబ కొండకు వచ్చింది. మన సిద్దిపేట నుంచి బస్సులో వెళ్తేనే ఒక రాత్రి పడుతుంది, ఆమెకు అప్పటి అడవి దారి. కొడుకు దొరికాడు, కానీ ఇంటికి రానన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. అప్పటికే అతనికి ఘనవిష్ణువు అనే గురువు వైష్ణవ దీక్ష ఇచ్చి ఉన్నాడు. కొడుకు తన మాట విననప్పుడు ఆ తల్లికి మిగిలిన దిక్కు ఆయనే.

ఇక్కడే నేను ఆగిపోతాను. గురువు తలుచుకుంటే శిష్యుణ్ణి తన దగ్గరే ఉంచుకోవచ్చు. వీడు ఇక దేవుడి మనిషి అనేస్తే ఆ తల్లి ఏం చేయగలదు? ఆయన అలా చేయలేదు, ఇంటికి వెళ్ళమన్నాడు. అమ్మ మాట కాదన్న పిల్లాడు గురువు మాటకు కదిలాడు.

ఆఫీసులో నా ఫ్రెండ్ ఒకతనిది మెదక్, ఇంట్లో అందరూ చర్చికి వెళ్తారు. అతనికి ఈ కథ చెప్తే మోనికా అనే తల్లి గురించి చెప్పాడు. కొడుకు అగస్టీన్ దారి తప్పాడని ఆమె ఒక బిషప్ దగ్గర ఏడ్చింది. ఆయన ఆ కుర్రాడితో వాదనకు దిగనన్నాడు, వదిలేసి ప్రార్థన చేసుకోమన్నాడు. ఒకరు ఇంటికి పంపారు, ఇంకొకరు అసలు జోక్యమే చేసుకోలేదు. ఏది కరెక్ట్ అంటే పిల్లాణ్ణి బట్టి అంటాను నేను.

నా సంగతి కూడా చెప్తా. బీటెక్ సెకండియర్‌లో సబ్జెక్టులు పోయి నాన్నతో నెలల తరబడి మాట్లాడలేదు. మా వీధి గుడి పంతులుగారు ఫోన్ చేసి పండక్కి రమ్మన్నారు. బ్యాక్‌లాగ్స్ గురించి ఒక్క మాటా అడగలేదు. వెళ్ళాను.

అన్నమయ్య ఇంటికొచ్చాక తిరుమలమ్మ, అక్కలమ్మలతో పెళ్ళయింది. పాట మాత్రం ఆగలేదు. తర్వాత అహోబిలంలో ఆదివన్ శఠగోపయతి దగ్గర వేదాంతం చదివాడు. రాగిరేకుల లెక్క ప్రకారం పదహారో ఏట, 1424లో మొదలైన సంకీర్తనలు 1503 దాకా నడిచాయి. తన మీద పాట కట్టమన్న రాజుకు కూడా కుదరదన్నాడంటే ఆ మొండితనం ఎక్కడికీ పోలేదన్నమాట! చివర్లో రోజుకో సంకీర్తన బాధ్యత కొడుకు పెద్ద తిరుమలాచార్యుడికి అప్పజెప్పాడు. ఆ కొడుకు తండ్రి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించాడు.

ఇక తిరుమలమ్మ, అంటే మన తిమ్మక్క. సుభద్రా కళ్యాణం రాసింది ఆవిడే. వచ్చే వారం వీడియో ఆవిడ మీదే.