తల్లిని వెదకుకొన్న నటుడు

1904 జనవరి 18వ తేదీన ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ఒక పేద కుటుంబములో ఆర్చిబాల్డ్ లీచ్ అను బాలుడు జన్మించినాడు. తండ్రి ఇలియాస్ బట్టల కర్మాగారములో ఇస్త్రీ పని చేయువాడు. తల్లి ఎల్సీ కుట్టుపని ఎరిగినది. వీనికి ముందు పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకముందే కన్నుమూసినాడు. ఆ దుఃఖము ఆమెను ఎన్నడును విడువలేదు. అందుచేత రెండవ బిడ్డను కంటికి రెప్పవలె కాచుకొన్నది.

ఒకనాడు బడి నుండి ఇల్లు చేరిన బాలునికి తల్లి కనిపించలేదు. సముద్రతీరమునకు విశ్రాంతికై పోయినదని పెద్దలు చెప్పినారు. కొంతకాలమునకు మరణించినదన్నారు. రెండును అబద్ధములే. భర్త ఆమెను ఆ ఊరి ఫిష్‌పాండ్స్ ప్రాంతములోని పిచ్చాసుపత్రిలో చేర్పించినాడు. కన్నతల్లి కొన్ని మైళ్ల దూరములోనే ఉన్నదని ఎరుగక ఆ బాలుడు పెరిగినాడు. చెప్పక పోయిన తల్లిమీద కోపము, తనలో ఏదో దోషముండుటచేతనే పోయినదేమో అను శంక అతని లేత మనస్సులో పాతుకొన్నవి.

చదువు మీద అతనికి మనసు నిలువలేదు. 1918లో పాఠశాల వారు వెళ్లగొట్టినారు. గారడీలు, మూకాభినయము, పొడుగు కర్రలపై నడక నేర్పు బాబ్ పెండర్ బృందములో చేరి, ఆ బృందముతోనే 1920లో ఓడనెక్కి న్యూయార్కు చేరినాడు. పదేళ్లకు పైగా రంగస్థలములపై శ్రమించిన పిదప 1931లో హాలీవుడ్డులోని పారమౌంట్ సంస్థ అతనిని నటునిగా తీసికొని, కేరీ గ్రాంట్ అను కొత్త పేరు ఇచ్చినది. ఆ పేరు ప్రపంచమంతట మారుమ్రోగినది. నవ్వు, నడక, మాటతీరు, వేషధారణ అన్నింటను అతడు నాగరకతకు ప్రతిరూపముగా నిలిచినాడు. హిచ్‌కాక్ తీసిన నాలుగు చిత్రములలో అతడే కథానాయకుడు.

ముప్పదియవ ఏడు దాటిన తరువాతనే తల్లి బ్రతికి ఉన్నదన్న నిజము అతనికి తెలిసినది. 1935 చివర తండ్రి మరణించినాడు. అటుపిమ్మట కుమారుడు తల్లిని ఆసుపత్రి నుండి విడిపించి బ్రిస్టల్‌లోనే ఇల్లు ఏర్పరచి, ఆమె పోషణ భారము వహించినాడు. ఇరువది ఏండ్ల తరువాత ఎదురుపడిన ఆ తల్లీకొడుకులు ఒకరికొకరు అపరిచితులు. ఆమె ఎరిగినది నిక్కరు తొడిగిన చిన్న ఆర్చీని. ఎదుట నిలిచినది లోకమెల్ల గుర్తుపట్టు నటుడు. ఆమె అమెరికాకు తరలిపోవుటకు అంగీకరించలేదు. అతడే సముద్రము దాటి వచ్చిపోవుచుండెడివాడు. ధనముతో ఇల్లు సమకూరినది గాని, పోయిన చనువు తిరిగి రాలేదు.

అతని సంసార జీవితమును నిలకడగా సాగలేదు. మొదటి వివాహము ఏడాది దాటగనే విచ్ఛిన్నమైనది. రెండవది మూడేండ్లకు ముగిసినది. 1949లో బెట్సీ డ్రేక్ అను నటిని పెండ్లాడినాడు. ఆమె 1956లో ఆండ్రియా డోరియా అను ఓడ మునిగినపుడు ప్రాణములతో బయటపడినది. పిదప ఆమె బెవర్లీ హిల్స్‌లో ఒక నూతన మానసిక చికిత్స పొందుచుండెను. ఆమె ద్వారానే 1958 ప్రాంతమున గ్రాంట్ ఆ వైద్యుల వద్దకు పోయినాడు. అప్పటికి అతని వయస్సు ఏబదినాలుగు.

ఆ చికిత్సకు ఆధారము ఎల్.ఎస్.డి. అను రసాయనము. స్విట్జర్లాండు దేశపు బాసెల్ నగరములో, సాండోజ్ సంస్థలో పనిచేయు ఆల్బర్ట్ హోఫ్‌మన్ దానిని 1938లో తయారుచేసినాడు. మనస్సుపై దాని ప్రభావము 1943లో బయటపడినది. గ్రామును పదిలక్షల భాగములు చేసిన అందొక భాగమును మైక్రోగ్రాము అందురు. హోఫ్‌మన్ పరీక్షార్థము మింగినది 250 మైక్రోగ్రాములు మాత్రమే. అంత స్వల్పమాత్రయే అతనిని గంటలకొలది కల్లోలపెట్టినది. 1952లో ఇంగ్లండు వైద్యుడు రొనాల్డ్ శాండిసన్ సాండోజ్ సంస్థను దర్శించి, ఆ మందును తన పొవిక్ ఆసుపత్రికి తెచ్చినాడు. కెనడాలో కొందరు వైద్యులు ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చి, ఆ మహానుభవమే రోగిని మార్చునని ఆశించినారు. శాండిసన్ మార్గము వేరు. చిన్న మోతాదులు, అనేక పర్యాయములు, వానితో పాటు వైద్యునితో సంభాషణ. మందు మనస్సు ముడులను సడలించును. మరచిపోయిన బాల్యస్మృతులు పైకి వచ్చును. వానిని మాటలలో పెట్టి అర్థము చేసికొనుటయే అసలు చికిత్స. ఈ పద్ధతికే సైకోలిటిక్ చికిత్స అని పేరు వచ్చినది.

బెవర్లీ హిల్స్ వైద్యులైన మోర్టిమర్ హార్ట్‌మన్, ఆర్థర్ చాండ్లర్ అనుసరించినది దాదాపు ఈ రెండవ మార్గమే. మందును మానసిక చికిత్సకు సహాయకారిగా వాడిన తమ అనుభవమును, 110 మంది రోగుల వివరములతో, వారు 1960లో వైద్యపత్రికలో ప్రకటించినారు. రోగి మసక వెలుతురు గదిలో పడుకొని కొన్ని గంటలు గడపును. వైద్యుడు దగ్గరనుండి అవసరమైనపుడు మాటలాడును. గ్రాంట్ ఇట్టి చికిత్సలను సుమారు నూరు పర్యాయములు పొందినాడు. అందులో అతనికి ఎదురైనది సుఖము మాత్రము కాదు. భయము, సిగ్గు, దుఃఖము కూడ. తాను వివాహమాడిన స్త్రీలపై చూపిన కాఠిన్యము, చిన్ననాడు తనను విడిచిపోయినదని తలచిన తల్లికి వేసిన శిక్షయేనని అతడు గ్రహించినాడు. తల్లిదండ్రులును తమ అజ్ఞానమునకు, పేదరికమునకు బందీలేనని అతనికి తోచినది. తన వైద్యుని అతడు మహాత్మునిగా పేర్కొన్నాడు.

కీర్తికి భంగమని వెరవక 1959లో అతడు ఈ చికిత్సను గూర్చి పత్రికలవారికి బాహాటముగా చెప్పినాడు. తన లోపములను దాచి మెరుగులు చూపుటయే వృత్తిగా గల ఊరిలో అది సాహసమే. అయినను మందు అన్నింటిని చక్కబరచలేదు. బెట్సీతో వివాహము 1962లో ముగిసినది. 1965లో నాల్గవ వివాహము, 1966లో ఏకైక కుమార్తె జననము. ఆ ఏడుతోనే అతడు చిత్రరంగమును విడిచినాడు. 1968లో ఆ వివాహమును రద్దయినపుడు ఈ మందు ప్రసక్తియే న్యాయస్థానములో అతనికి ప్రతికూలముగా వచ్చినది. ఈలోగా మందు ఆసుపత్రుల గడప దాటి వీధులకెక్కినది. సాండోజ్ 1965లో సరఫరా మానుకొన్నది; కాలిఫోర్నియా 1966లో నిషేధించినది; 1970 నాటి సమాఖ్య చట్టము దానిని అత్యంత కఠినమైన పట్టికలో చేర్చినది. మన దేశములోను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద అది నిషిద్ధమే.

సుమారు అర్ధశతాబ్ది మౌనము తరువాత పరిశోధన తిరిగి మొదలైనది. ప్రాణాంతక వ్యాధులతో కలవరపడు 12 మందిపై స్విట్జర్లాండులో జరిగిన పరీక్షా ఫలితములు 2014లో వెలువడినవి. అందు 200 మైక్రోగ్రాముల మోతాదును సంభాషణా చికిత్సతో జోడించినారు. 20 మైక్రోగ్రాముల చిన్న మోతాదును పోల్చి చూచుటకు వాడినారు. పెద్ద మోతాదు పొందినవారిలో కలవరము తగ్గిన సూచనలు కనిపించినవి. కాని 12 మందితో సిద్ధాంతము నిలువదు. గ్రాంట్ ఒక్కని సాక్ష్యముతో అసలే నిలువదు. మందు చేసిన మేలు ఎంత, తన గతమును గంటలకొలది మరియొకని ఎదుట విప్పుకొన్న మాటలు చేసిన మేలు ఎంత అని విడదీయుటకు అతని జీవితములో ఆధారము లేదు.

తల్లి ఎల్సీ 1973 జనవరిలో, తొంబదియైదేండ్ల వయస్సున, బ్రిస్టల్‌లోనే మరణించినది. అంతవరకు కుమారుడు ఆమెను చూడవచ్చుటను మానలేదు. కేరీ గ్రాంట్ 1986 నవంబరు 29న అమెరికాలోని డావెన్‌పోర్ట్ నగరమున ఎనుబదిరెండవ ఏట కన్నుమూసినాడు. పెద్దలు పలికిన ఒక్క అబద్ధము ఆ బాలునిచేత నలుబది యేండ్లకు పైగా మోయించిన బరువును దించుకొనుటకు నూరు దినముల ఏకాంతము కావలసి వచ్చినది. పసివారికి నిజము చెప్పుట ఎంత కష్టమైనను, చెప్పకుండుట అంతకన్న ఖరీదైనదని ఆ జీవితము తెలుపుచున్నది.