రామదాసు లెక్కలో పన్నెండేళ్ళు

రామదాసు చరిత్ర మనకు కొత్త కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. మేనమామల అండతో తహసీల్దారు ఉద్యోగం సంపాదించాడు. వసూలైన శిస్తులో ఆరు లక్షల వరహాలు భద్రాద్రి గుడికీ, దేవుడి నగలకూ ఖర్చు పెట్టాడనీ, అందుకు తానీషా ఆయన్ని పన్నెండేళ్ళు చెరలో ఉంచాడనీ చెప్పుకుంటాం. సినిమాల్లోనూ చూశాం. నేను మాట్లాడదలచుకున్నది ఆ పన్నెండేళ్ళ గురించే.

మన పురాణాల ప్రకారం మనుషుల ఏడాది దేవతలకు ఒక రోజు. ఉత్తరాయణం పగలు, దక్షిణాయనం రాత్రి. బ్రహ్మగారి ఒక్క పగలు మనకు 432 కోట్ల ఏళ్ళు. ఇక్కడి గుడిలో సంకల్పం చెప్పే పూజారిగారు కూడా శ్వేతవరాహ కల్పం దగ్గర ఎత్తుకుని, మన్వంతరం, యుగం దాటుకుంటూ ఇవాళ్టి తిథి దాకా వస్తారు. ఈలోగా మనం వాచీ చూసుకుంటూ ఉంటాం! ఆ లెక్కన గోపన్న చెరలో గడిపింది దేవతలకు పన్నెండు రోజులే.

గోపన్న ఆ లెక్కను ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్నది మనిషి ఒళ్ళు కాబట్టి మనిషి లెక్కలోనే అడిగాడు. ఏ నగకు ఎన్ని వరహాలయ్యాయో పేరుపేరునా ఏకరువు పెట్టి, రాముణ్ణి నిలదీశాడు. ఆ వెంటనే నోరు జారినందుకు మన్నించమన్నాడు. భర్తకు ఒక మాట చెప్పమని సీతమ్మను బతిమాలాడు. మళ్ళీ తిట్టాడు.

పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టిన పాపానికి ఇన్నేళ్ళు పట్టిందని పెద్దలు సమాధానం చెబుతారు. నాకు ఆ సమాధానం ఎప్పుడూ రుచించలేదు. మా నాన్నగారు పోయినప్పుడు వీసా కాగితాలు చేతికి రాక మూడు వారాలు ఇక్కడే చిక్కుపడ్డాను. అన్నిటికీ ఆ పైవాడు పెట్టిన టైము ఉంటుందని స్నేహితులు ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ రాత్రులు నాకు తోడున్నవి బాలమురళీకృష్ణగారు పాడిన రామదాసు కీర్తనలే. దేవుడు ఆలస్యం చేశాడని దేవుడితోనే చెప్పుకోవచ్చని, అది భక్తికి తక్కువ కాదని ఆ పాటలు విన్నాకే తెలిసింది.

అసలు భద్రాద్రి రాముడే ఆలస్యంగా వచ్చినవాడు కదా! సీతను వెతుకుతూ వెళ్ళేటప్పుడు, తిరిగి వస్తానని భద్రమహర్షికి మాటిచ్చి మరిచిపోయాడట. అవతారం ముగిశాక గుర్తొచ్చి, వైకుంఠం నుంచి పరుగున వచ్చాడట. ఆ తొందరలో శంఖం కుడిచేతిలోకీ, చక్రం ఎడమచేతిలోకీ మారిపోయాయని స్థలపురాణం. గర్భగుడిలో మూర్తిని ఇప్పటికీ అలాగే చూస్తాం.

చరిత్ర లెక్క కూడా ఒకటుంది. తానీషా గద్దెనెక్కింది 1672లో. అక్కన్న మాదన్నలు హత్యకు గురైంది 1686లో. గోల్కొండ ఔరంగజేబు వశమైంది 1687లో. మొత్తం పదిహేనేళ్ళ పాలన. అందులో పన్నెండేళ్ళు చెరకే పోతే, రాముడు ఇంకో నాలుగేళ్ళు జాగు చేసి ఉంటే బాకీ పుచ్చుకోవడానికి తానీషా గద్దె మీద ఉండేవాడే కాదు.

చివరికి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి, అర్ధరాత్రి తానీషాను లేపి సొమ్ము చెల్లించారని కథ. మర్చిపోకుండా రసీదు కూడా రాయించుకున్నారు! దాన్ని తెచ్చి గోపన్న దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి అప్పుడు నిద్రలో ఉన్నాడు. దర్శనం తానీషాకు దక్కింది. తెల్లవారి సంగతి తెలిశాక గోపన్న విడుదలైనందుకు సంతోషించలేదు సరికదా, తనకు కనిపించకుండా వెళ్ళినందుకు రాముడి మీద మళ్ళీ అలిగాడు. ఆ అలకతోనే భద్రాచలం దారి పట్టాడు.