ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్

ఒక రాజ్యమున పత్రికను నడుపు హక్కు ఎవరిది? అచ్చుయంత్రము కొనగలవానిదా, వ్రాయగలవానిదా, లేక ప్రభువు అనుమతి సంపాదించినవానిది మాత్రమేనా? ఈ ప్రశ్నకు నిజాం రాజ్యములో ఎట్టి సమాధానము లభించెనో తెలిసికొనగోరువారు షోయబుల్లాఖాన్ జీవితమును చదువవలెను. ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే ముగిసిన ఆ జీవితము మూడు పత్రికల చరిత్ర. అందు రెండింటిని ప్రభుత్వపుటుత్తరువు మూయించినది. మూడవదానిని ఆపుటకు హంతకులు కత్తిపట్టవలసి వచ్చినది.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17వ తేదీన నాటి వరంగల్లు జిల్లా మహబూబాబాదు ప్రాంతమందలి సుబ్రవేడు గ్రామమున జన్మించెను. మహబూబాబాదును ప్రజలు మానుకోట యని పిలుతురు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో చిన్న ఉద్యోగి. కుమారుడు పుట్టిన దినముననే ఆయన మహాత్మాగాంధీని రైలులో చూచెననియు, ఇంటికి వచ్చి శిశువు ముఖమున ఆ మహాత్ముని పోలికలు గుర్తించెననియు, ఆనాటినుండి బిడ్డను ముద్దుగా షోయబుల్లా గాంధీ యని పిలిచెడివాడనియు ఒక కథ ప్రచారములో నున్నది. కథలోని నిజానిజములెట్లున్నను, నిజాం కొలువులో జీతము తీసికొను ఒక సామాన్య ముస్లిం కుటుంబమున గాంధీ పేరు ఆదరముతో వినబడుచుండెనని దానివలన తెలియుచున్నది.

ఆ కాలమున హైదరాబాదు రాజ్యమున పత్రిక పెట్టుట సులభము కాదు. పొరుగున బ్రిటిషు పాలనలోనున్న ప్రాంతములయందు 1867 నాటి చట్టము ప్రకారము ముద్రాపకుడును ప్రకాశకుడును న్యాయాధికారి యెదుట తమ పేరు, చిరునామా తెలుపుచు ప్రకటన చేయవలసియుండెను. పిదప పత్రికలను వేధించు చట్టములు అక్కడను లేకపోలేదు. నిజాం రాజ్యమునందైతే ముందుగా ప్రభుత్వానుమతి కావలెను. అనుమతి యిచ్చిన చేయియే దానిని ఎప్పుడైనను వెనుకకు తీసికొనవచ్చును. బహిరంగసభ జరుపుటకు సైతము గస్తీనిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి అధికారుల అనుమతి పొందవలసియుండెను. అనగా నోటిమాటకును, అచ్చుమాటకును ఒకే ద్వారపాలకుడుండెను.

ఇట్టి నిర్బంధములనడుమ కూడ ఆ ప్రాంతమున పత్రికోద్యమము మొలకెత్తినది. మహబూబాబాదుకు చేరువనున్న ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు 1922లో తెనుగు అను వారపత్రికను ప్రారంభించిరి. రచన, అక్షరముల కూర్పు, ముద్రణము మొదలగు పనులన్నియు తామే నిర్వహించిరి. ఆ యేడే నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడినది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. మొదటి రెండును కొన్నియేండ్లకే ఆగిపోయినవి. గోలకొండ మాత్రము ఆటుపోట్లకు తట్టుకొని నిలిచినది. తెనుగు పత్రిక పుట్టునాటికి షోయబ్ రెండేండ్లు నిండని శిశువు. ఒక పల్లెలో ఇద్దరు సోదరులు పత్రికను నడుపగలిగిన నేలపైననే ఆయన పుట్టెను.

షోయబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బి.ఏ. పట్టమును పొందెను. ఉర్దూ రాజభాషగా నున్న ఆ రాజ్యమున, ఉర్దూ మాధ్యమముగా గల విశ్వవిద్యాలయ పట్టభద్రునకు, అందును ముస్లిం యువకునకు, ప్రభుత్వోద్యోగము దొరకుట కష్టము కాదు. ఆయన ఆ దారిని పోలేదు. తేజ్ అను ఉర్దూ వారపత్రికలో ఉపసంపాదకుడుగా చేరెను. ఆ పత్రిక ప్రభుత్వమును విమర్శించుట మానలేదు. కొంతకాలమునకు ప్రభుత్వము దానిని నిషేధించెను. సంపాదకునకు గాని, పనివారికి గాని, చందాదారులకు గాని చెప్పుకొనుటకు చోటు లేకపోయెను. పత్రిక యజమాని సొత్తే యైనను, దాని ప్రాణము ఇతరుల చేతిలో నుండెననుట షోయబ్‌కు దక్కిన తొలి పాఠము.

పిమ్మట ఆయన మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో ప్రవేశించెను. మన రైతు అను మాటకు ఈ రయ్యత్ శబ్దమే మూలము. పేరునకు తగినట్లు ఆ పత్రిక సామాన్యప్రజల పక్షమున నిలిచినది. ఉర్దూలో వెలువడుచున్నందున దానిని అధికారులును చదివిరి, ప్రజలలో చదువుకొన్నవారును చదివిరి. అవి రాజ్యమంతట అలజడిగా నున్న దినములు. 1946 జూలై 4న జనగామ ప్రాంతమందలి కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలియైన పిదప తెలంగాణపు పల్లెలలో రైతు పోరాటము తీవ్రమైనది. 1947 జూన్‌లో నిజాం తన రాజ్యము స్వతంత్రముగా నుండునని ప్రకటించెను. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లను సాయుధదళము పెరిగినది. ఇట్టి సమయమున పల్లెలలో జరుగు దౌర్జన్యము నగరమందలి పత్రికలోనికెక్కుట పాలకులకు కంటగింపుగానుండెను. రయ్యత్ పత్రికయు ప్రభుత్వాజ్ఞచే మూతపడినది.

రెండవ పత్రికయు పోయినప్పుడు షోయబ్ వయస్సు ఇరువదియేడేండ్లు. మరియొకరి పత్రికలో మరల ఉపసంపాదకత్వమునకై వెదకుటకు మారుగా ఆయన తానే పత్రికను స్థాపింప నిశ్చయించెను. ఇంటిలోని ఆడవారి నగలమ్మి ధనము సమకూర్చెనని చెప్పుదురు. బూర్గుల రామకృష్ణారావుగారు అండగా నిలిచిరి. 1947 నవంబరు 15న ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రిక హైదరాబాదున వెలువడెను. ఇమ్రోజ్ అనగా నేడు అని యర్థము. భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి సరిగా మూడు నెలలు.

ఇమ్రోజ్ చెప్పినది సూటియైన మాట. హైదరాబాదు భారతయూనియనులో చేరవలెను. రజాకార్ల హింస ఆగవలెను. ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వము రావలెను. ఇవి ఇతరులును పలికిన మాటలే. కాని తెలుగు పత్రిక ఆ మాట వ్రాసినచో అది హిందువుల కోరికయని, యూనియను నుండి వచ్చు పత్రిక వ్రాసినచో అది పరాయివారి కుట్రయని పాలకపక్షము కొట్టివేయగలిగినది. షోయబ్ విషయమున ఆ రెండు సాకులును చెల్లలేదు. ఆయన ముస్లిం; ఆయన పత్రిక రాజభాషలోనిది; ఆయన విద్య రాజు పేర వెలసిన విశ్వవిద్యాలయములోనిది. మతరాజ్యమునకు ముస్లింలందరు సమ్మతించియున్నారను వాదమునకు ఇమ్రోజ్ దినదినము ఖండనముగా నుండెను. ప్రమాదము పత్రిక పరిమాణములో లేదు, దానిని నడుపువాడెవడన్న దానిలో నున్నది.

బెదిరింపులు వచ్చినను ఆయన వ్రాత మారలేదు. 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా మొదలగు ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను ఖండించుచు, హైదరాబాదు యూనియనులో చేరవలెనని ప్రకటన చేసిరి. ఇమ్రోజ్ దానిని ప్రచురించినది. ఆ నెల 19వ తేదీన హైదరాబాదున జరిగిన సభలో ఖాసిం రజ్వీ, తమ కెదురు వ్రాయు చేతులను నరికివేయవలెనను భావముతో ప్రసంగించెనని నాటి చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు.

తరువాతి సంఘటనకు రెండు దినములే పట్టినవి. ఆగస్టు 21వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప షోయబ్ కార్యాలయమున పని ముగించుకొని, బావమరది ఇస్మాయిల్‌ఖాన్‌తో కాచిగూడ ప్రాంతమందలి తన యింటికి పోవుచుండెను. దారిలో కొందరు అడ్డగించి తుపాకి కాల్చిరి. పడిపోయినవాని చేతిని కత్తితో నరికిరి. అడ్డువచ్చిన ఇస్మాయిల్‌ఖాన్ కూడ చేయి కోల్పోయెను. 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ ప్రాణములు విడిచెను. హంతకులు కోరినది ప్రాణము మాత్రమే యైనచో గుండు చాలియుండెను. వ్రాసిన చేతిని వేరుచేయుట ఆ నగరమునందలి ప్రతి సంపాదకునకును పంపిన హెచ్చరిక.

ఇమ్రోజ్ జీవితము తొమ్మిది నెలల పైచిలుకు. ఆయన మరణించిన అయిదవ దినమున, ఆగస్టు 27న, జనగామకు చేరువనున్న బైరాన్‌పల్లిపై రజాకార్లును, నిజాం సేనయు పడి పెక్కుమందిని కాల్చి చంపిరి. ఆ వార్తను ఉర్దూలో వ్రాసి నగరమునకు వినిపించుటకు షోయబ్ లేడు. ఆయన మరణించిన ఇరువదియారు దినములకు, సెప్టెంబరు 17న, నిజాం సైన్యము లొంగిపోయి హైదరాబాదు యూనియనులో కలిసినది. ఖాసిం రజ్వీ కారాగారవాసము ననుభవించి, 1957లో విడుదలై పాకిస్థానునకు వెడలిపోయెను.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును పౌరుని హక్కుగా ప్రకటించినది. దాని క్రింద పత్రిక పెట్టదలచినవాడు పాలకుల దయకై వేచియుండ నక్కరలేదు. చట్టము కోరిన వివరములు తెలిపి నమోదు చేయించుకొనవలెను. అంతట క్రొత్త చిక్కు తలయెత్తినది. ప్రభువు చేతినుండి విడివడిన పత్రికలు కొద్దిమంది ధనికుల చేతిలో పడినచో నేమి గతి? న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన పత్రికా సంఘము 1954లో ఈ సంగతి విచారించినది. పెద్ద పత్రిక తక్కువ వెలకు ఎక్కువ పుటలిచ్చి చిన్న పత్రికను చంపకుండ, పుటల సంఖ్యకు తగిన వెలను నిర్ణయించుచు 1956లో చట్టము వచ్చినది. పూనా నుండి వెలువడు సకాళ్ పత్రిక దానిపై వ్యాజ్యము వేయగా, 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. పత్రిక ఎన్ని పుటలు వేయవలెనో, ఎంతమందికి చేరవలెనో ప్రభుత్వము శాసించుట వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని తీర్పు సారాంశము. పత్రికల వివరములు నమోదుచేయు రిజిస్ట్రారు పదవి 1956నుండి ఉన్నది. 1867 నాటి పాతచట్టము స్థానమున 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 మార్చి 1నుండి అమలులో నున్నది.

నమోదు వేరు, అనుమతి వేరు. నమోదు పత్రిక యజమాని యెవడో పాఠకునకు తెలుపును. అనుమతి యజమాని యెవడు కావలెనో పాలకునిచేత నిర్ణయింపజేయును. పైకి రెండును కాగితముపై వ్రాసిన కొన్ని పంక్తులే. వాని నడుమనున్న దూరమెంతయో తేజ్, రయ్యత్ పత్రికల మూతలో కానవచ్చును. ఆ దూరమును దాటుటకు మానుకోట ప్రాంతపు యువకుడొకడు తన చేతిని, పిదప ప్రాణమును మూల్యముగా చెల్లించెను.