కలకత్తా ఓడలను ఆపేసిన కెప్టెన్

1914 సెప్టెంబరులో కొన్ని రోజులపాటు కలకత్తా రేవు నుండి ఓడలు కదలడానికి భయపడ్డాయి. కారణం ఒకే ఒక్క జర్మన్ యుద్ధనౌక. దాని పేరు ఎండెన్. దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్.

ముల్లర్ 1873 జూన్ 16న జర్మనీలోని హనోవర్‌లో జన్మించారు. తండ్రి సైనికాధికారి. ముల్లర్ కూడా సైనిక పాఠశాలలోనే చదివారు. కాని ఆయన మనసు సముద్రం మీదే ఉండేది. 1891లో నౌకాదళంలో చేరారు. తూర్పు ఆఫ్రికా తీరంలో పనిచేసేటప్పుడు సోకిన మలేరియా ఆయనను జీవితాంతం వదలలేదు. 1913లో ఎండెన్‌కు కెప్టెన్ అయ్యారు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఆయన ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వచ్చారు. ఎండెన్‌కు ఉన్నవి మూడు పొగగొట్టాలు. బ్రిటిష్ నౌకలా కనిపించాలని గుడ్డతో నాలుగోది కట్టించారు. సెప్టెంబరు 10 నుండి 14 వరకు బంగాళాఖాతంలో కలకత్తా దారిలో వచ్చిపోయే ఓడలను వరుసగా పట్టుకున్నారు. వాటిలో ఒకటి వేల టన్నుల తేయాకుతో లండన్ వెళుతోంది. ఓడను ముంచే ముందు అందులోని వారందరినీ దింపించేవారు. కబింగా అనే ఓడలో దాని కెప్టెన్ భార్యాబిడ్డలు కూడా ఉన్నారు. ముల్లర్ ఆ ఓడను ముంచలేదు. తాను పట్టుకున్న నావికులను అందులోకి ఎక్కించి వదిలిపెట్టారు.

సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ మద్రాసుపై గుండ్లు కురిపించింది. రేవు పక్కన ఉన్న చమురు ట్యాంకులు అంటుకున్నాయి. ఆ దాడిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. భయంతో ఎందరో ఊరు విడిచి వెళ్ళారు. తమిళంలో గట్టివాడిని, జిత్తులమారిని నేటికీ 'ఎమ్డన్' అంటారు. అక్టోబరు 28న పెనాంగ్ రేవులో ఒక రష్యా యుద్ధనౌకను ముంచారు. ఆ తరువాత ఫ్రెంచి నౌక ఒకటి మునిగినప్పుడు, నీళ్ళలో ఉన్న శత్రు నావికులను పైకి తీయించారు.

నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎదురైంది. దాని ఫిరంగులు పెద్దవి. ఎండెన్ నావికులు నూట ముప్పై మందికి పైగా మరణించారు. మిగిలినవారినైనా కాపాడాలని ముల్లర్ నౌకను ఒడ్డున ఉన్న రాతిదిబ్బల మీదికి ఎక్కించారు.

ఆయనను మాల్టాలో, తరువాత ఇంగ్లండులో బందీగా ఉంచారు. 1917లో ఇరవై మందికి పైగా బందీలతో కలిసి సొరంగం గుండా తప్పించుకున్నారు కాని మళ్ళీ దొరికిపోయారు. 1918లో స్వదేశం చేరారు. దేశం అత్యున్నత పతకం ఇచ్చింది. తన సాహసాల మీద పుస్తకం రాయమని అడిగితే ఒప్పుకోలేదు. చనిపోయిన తోటివారి రక్తంతో డబ్బు సంపాదించడం ఆయనకు ఇష్టం లేదు. 1923 మార్చి 11న, యాభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు.

యుద్ధం మంచిది కాదు. మద్రాసులో చనిపోయినవారిని మనం మరువకూడదు. అయినా చేతిలో ఫిరంగి ఉన్నప్పుడు కూడా ఎదుటివాడి ప్రాణం గురించి ఆలోచించవచ్చని ముల్లర్ చూపించారు. అందుకే ఆయనతో పోరాడిన బ్రిటిష్‌వారు కూడా ఆయనను గౌరవించారు.