ఇంటి నీటికి దారి చూపిన మహనీయుడు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నిండుగా పారే నదిని చూచి ఆనందించేవారు లోకంలో పెక్కుమంది. ఆ నది నీరు శుభ్రపడి సామాన్యుని ఇంటి కుండలోనికి ఎట్లా చేరాలి, ఆ ఇంట వాడగా మిగిలిన మురుగు తిరిగి ఎక్కడికి పోవాలి అని ఆలోచించేవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆనకట్టల నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. పట్టణాల మంచినీటికై ఆయన పడిన శ్రమ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ వైపును మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన పూర్వులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. కుటుంబం మైసూరు సీమకు తరలిపోయినా ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. 1860 సెప్టెంబరు 15న ముద్దెనహళ్ళిలో ఆయన జన్మించారు. చిన్ననాడే తండ్రి మరణించగా, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టం పొందారు. పూనాలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథమస్థానంలో ఉత్తీర్ణులై, మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

1894లో ఆయనను సింధు రాష్ట్రంలోని సుక్కూరుకు పంపారు. సింధునది ఒడ్డునే ఉన్న ఆ ఊరికి దక్కేది బురదనీరే. వడపోత తొట్లు కట్టించడానికి పురపాలక సంఘం వద్ద ధనం లేదు. విశ్వేశ్వరయ్యగారు నది గర్భంలోనే బావి త్రవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరిన నీరు తేటపడి బావిలో చేరింది. దానిని పైకి తోడి ఊరికి అందించారు. తొట్టి చేయవలసిన పనిని నది ఇసుకే చేసింది.

పూనా నగరానికి నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం ఏటా పొంగి పొరలి నీరు వృథా అయ్యేది. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే, నీటిమట్టాన్ని బట్టి తమంతట తామే తెరచుకొని మూసుకొనే తలుపులను ఆయన రూపొందించి 1903లో అమర్చారు. కొత్త నదిని వెదకుటకు ముందు ఉన్న నీటిని నిలుపుకోవాలన్నది ఆయన పద్ధతి. 1906లో మంచినీటి, మురుగునీటి ఏర్పాట్లను పరిశీలించుటకు ప్రభుత్వం ఆయనను ఏడెన్‌కు పంపింది.

మన తెలుగువారికి ఆయన చేసిన మహోపకారం హైదరాబాదులో జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని రప్పించింది. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో ఉస్మాన్ సాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలాన 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినాయి. ముంచిన నీరే దాహం తీర్చే నీరైనది. అయితే ఆయన అంతటితో ఆగలేదు. నగరానికి మురుగు కాలువల పథకాన్ని కూడ సిద్ధపరిచారు. ఇంటిలోనికి వచ్చే నీరు, ఇంటినుండి వెళ్ళే నీరు ఒకే సమస్యకు రెండు కొసలని ఆయన గ్రహించారు.

అటుపిమ్మట మైసూరు చీఫ్ ఇంజనీరుగా, 1912 నుండి 1918 వరకు దివానుగా సేవలందించారు. 1955లో భారతరత్న బిరుదు ఆయనను వరించింది. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు దాటిన వయస్సులో కన్నుమూశారు.

ఆయన పాఠంలో మొదటి సగమే మన నగరాలు నేర్చుకొన్నవి. మురుగు కాలువలు గల పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని ప్రభుత్వ ప్రమాణం. అందులో త్రాగుటకు, వండుటకు పట్టేది పది లీటర్ల పాటి మాత్రమే. అయినను మొత్తం నీటిని ఒకే తీరున వడగట్టి, క్లోరిన్ కలిపి, ఆ మంచినీటినే మరుగుదొడ్లలో గుమ్మరిస్తున్నాము. హైదరాబాదు నేడు కృష్ణా గోదావరుల నీటిని దూరాన్నుండి తెచ్చుకొంటున్నది. వాడిన నీరు చేరి ఆ నగరపు మూసీయే మురికి అయినది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలపై 1996లో విధించిన ఆంక్షలను 2022లో తొలగించారు. అటు ఆఫ్రికాలోని ఎడారి దేశం నమీబియాలో విండ్‌హోక్ నగరం 1968 నుండే వాడిన నీటిని శుద్ధిచేసి మరల త్రాగునీటిలో కలుపుకొంటున్నది. అవసరం నేర్పిన వివేకం అది.

విద్యార్థి మిత్రులారా! సుక్కూరు బావి మనకు దూరమైనది కాదు. నదీగర్భపు ఇసుకలో త్రవ్విన ఊటబావుల నీరు మన ఉత్తరాంధ్ర పట్టణాలకు కొత్త కాదు. ఇసుకను తోడివేస్తే ఆ ఉచిత వడపోత పోతుంది. మన బొబ్బిలి చెంతనే వేగవతి ఉన్నది. అట్టి నది ఇసుకను కాపాడుట, వుజూ చేసిన నీటిని, బియ్యం కడిగిన నీటిని చెట్లకు మళ్ళించుట, త్రాగే నీటిని త్రాగుటకే ఉంచుట ఇంజనీరింగు పట్టం లేనివారు కూడ చేయగల పనులు. ఆ మహనీయునికి మనం చెల్లించగల నివాళి ఇదే.