యల్లాప్రగడ సుబ్బారావు

నేడు పశ్చిమ గోదావరి జిల్లాలో నున్న భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. చిన్ననాట ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు నందుకొని, ఆయన శస్త్రచికిత్సాశాలలోనికి ఖద్దరు అంగీతో వెళ్ళెను. తెల్లదొరయగు ఆచార్యున కది కంటగింపయ్యెను. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్.తో ఆయన సరిపెట్టుకొనవలసి వచ్చెను.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంట తగిలెను. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుని బలిగొనెను. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి నానాటికి శల్యావశిష్టుడగు రోగమది. పిదప సుబ్బారావునకే ఆ వ్యాధి రాగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికెను. రోగముల మూలము కనుగొనవలెనను పట్టుదల ఆయనలో నానాటికి బలపడెను.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును ధనసాయము చేయగా, భార్య శేషగిరిని స్వదేశముననే విడిచి, ఆయన అమెరికాకు ఓడ ఎక్కెను. బోస్టను నగరమున పగలు చదువు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుట. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. తరువాత కండరములకు శక్తి నొసగు భాస్వర పదార్థములను గుర్తించెను. వానిలో ఏ.టి.పి. ముఖ్యమైనది. ఇంత చేసినను ఆ విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమగు పదవి నీయలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరు నందలి లెడర్లీ మందుల సంస్థలో చేరి, పరిశోధనశాఖకు నాయకుడయ్యెను. కాలేయమునందును ఆకుకూరలయందును ఫోలిక్ ఆమ్లమను పోషకము అతిస్వల్పముగా నుండును. ఎంత కాలేయమును శుద్ధిచేసినను చేతికి వచ్చునది రవ్వంత. ఆ రవ్వంత ఎందరు రోగులకు చాలును? సుబ్బారావు బృందమువారు సూక్ష్మజీవులను పెంచి, ఆ పులిసిన ద్రవమునుండియు దానిని వేరుపరచిరి. దాని నిర్మాణమును తెలిసికొని, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిరి. సంగ్రహణి రోగుల రక్తక్షీణతకు మందు దొరకెను. సోదరుడు గతించి అప్పటికి చాల ఏండ్లయ్యెను.

ఆ ఆమ్లమును పోలియుండియు దాని పనికి అడ్డుతగులు అమినోప్టెరిన్ అను పదార్థమును కూడ వారు చేసిరి. రక్తపు కాన్సరుతో మరణించుచున్న పిల్లలకు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947లో దానిని వాడగా, కొందరికి కొంతకాలము రోగము తగ్గెను. శాశ్వతముగా కాకపోయినను, ఏ ఆశయు లేని ఇండ్లలో అది సామాన్యమగు విషయము కాదు. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

తన శాలలో జరిగిన పనిని సహచరుల పేర ప్రకటింపజేయుట ఆయన స్వభావము. అందుచేతనే కాబోలు, ఆయన పేరు పనికి తగినంతగా లోకమున వ్యాపింపలేదు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, సుబ్బారావు నిద్రలోనే మరణించెను. అమెరికా పౌరసత్వమును ఆయన పొందలేదు. స్వదేశమునకును తిరిగి రాలేదు. భార్యను మరల చూడలేదు. బోదకాలు పుట్టించు క్రిములను చంపు హెట్రజాన్ అను మందు కూడ ఆయన శాలనుండి 1947లో వెలువడినదే. దాని రసాయన నామము డైఇథైల్ కార్బమజైన్. ఆ మాత్రలు తరువాతి కాలమున గోదావరి జిల్లాల గ్రామములలో ఇంటింటికి పంచబడెను.