హెన్రీ రూసో: టోల్‌గేట్ గుమాస్తా.. 40 ఏళ్లకు కుంచె పట్టాడు.. సొంతూరు వద్దన్న బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో!

2023 మే నెల. న్యూయార్క్‌లో జరిగిన వేలంలో ఎర్ర కొంగల పెయింటింగ్ ఒకటి ఏకంగా 4.35 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో రూ.350 కోట్ల పైమాటే. దాన్ని వేసిన మనిషి మాత్రం అప్పుల్లో చనిపోయాడు. ఆయన పేరు హెన్రీ రూసో. స్కూల్లో ఫ్రెంచ్ విప్లవం పాఠంలో చదివిన తత్వవేత్త రూసో కాదు, ఈయన వేరే.

1844లో ఫ్రాన్స్‌లోని లవాల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి రేకు సామాన్లు చేసేవారు. ఓ లాయర్ దగ్గర పనిచేస్తూ చిన్న దొంగతనంలో దొరికిపోయిన రూసో సైన్యంలో చేరిపోయారు. ఆ తర్వాత పారిస్‌కు మకాం మార్చారు. 1871 నుంచి ఆయన ఉద్యోగం ఏంటంటే.. నగరంలోకి వచ్చే సరుకుల మీద సుంకం వసూలు చేయడం. మన దగ్గర ఒకప్పుడు ఉన్న ఆక్ట్రాయ్ లాంటిదే.

బొమ్మలు ఎప్పుడు మొదలుపెట్టారో కచ్చితంగా చెప్పలేం కానీ, 40 ఏళ్ల వయసులో, అంటే 1884లో లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలను చూసి గీసుకోవడానికి పర్మిషన్ తెచ్చుకున్నారు. గురువు లేడు, ఆర్ట్ కాలేజీ లేదు. ఫీజు కడితే ఎవరి బొమ్మైనా పెట్టే ఎగ్జిబిషన్ ఒకటి పారిస్‌లో ఉండేది. 1886 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ అక్కడ ఆయన పెయింటింగ్స్ ఉండేవి. జనం వచ్చి పగలబడి నవ్వేవారు. పేపర్లు ఎగతాళి చేశాయి. అయినా మళ్లీ ఏడాది హాజరే!

ఇంట్లో పరిస్థితి ఇంకా దారుణం. పిల్లల్లో ఎక్కువ మంది చిన్నతనంలోనే పోయారు. 1888లో భార్య క్లెమాన్స్ కూడా చనిపోయింది. అలాంటి టైంలో, 49 ఏళ్లకే, 1893లో ఉద్యోగం వదిలేశారు. వచ్చేది చిన్న పెన్షన్. వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ రంగులు కొనుక్కునేవారు.

1897లో వేసిన 'నిద్రిస్తున్న జిప్సీ'ని సొంతూరికి ఇస్తానంటూ లవాల్ మేయర్‌కు లెటర్ రాశారు. 1800 నుంచి 2000 ఫ్రాంకులు ఇస్తే చాలన్నారు. ఊరు పట్టించుకోలేదు.

ఇక ఆయనకు పేరు తెచ్చిన అడవి బొమ్మల సంగతి. పులులు, కోతులు, మనిషంత ఆకులు.. మెక్సికో యుద్ధానికి వెళ్లినప్పుడు అవన్నీ చూశారని ప్రచారం జరిగింది. అదంతా ఉత్తిదే. రూసో ఫ్రాన్స్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. పారిస్ బొటానికల్ గార్డెన్‌లోని గాజు ఇళ్లలో మొక్కలను, పుస్తకాల్లో జంతువులను చూసి వేసినవే అవన్నీ.

1907లో తెలిసిన వ్యక్తి మాట నమ్మి బ్యాంకు మోసం కేసులో ఇరుక్కుని జైలుకెళ్లారు. ఆయనెంత అమాయకుడో చూపించడానికి లాయర్ ఆయన పెయింటింగ్‌నే కోర్టుకు తెచ్చారు. శిక్ష పడింది కానీ అమలు నిలిపేశారు. బయటపడ్డారు సరే, ఒక ఆర్టిస్టుకు ఇంతకంటే అవమానం ఏముంటుంది?

కుర్రాళ్లు మాత్రం ఆయన్ని వదల్లేదు. పాత సామాన్ల షాపులో రూసో వేసిన ఓ మహిళ బొమ్మను పికాసో 5 ఫ్రాంకులకు కొన్నారు. పైన వేరే బొమ్మ వేసుకోవచ్చని షాపువాడు సలహా ఇచ్చాడట. పికాసో అలా చేయలేదు, చివరిదాకా దాచుకున్నారు. 1908లో తన స్టూడియోలో రూసో గౌరవార్థం పెద్ద విందు కూడా ఇచ్చారు. అందులో సరదా ఎంత, గౌరవం ఎంత అన్నది ఇప్పటికీ వాదనే. రూసో మాత్రం నిజమైన సన్మానంగానే తీసుకుని, వయొలిన్ వాయించారు.

1910లో 'స్వప్నం' అనే భారీ పెయింటింగ్ ప్రదర్శించిన కొన్ని నెలలకే, సెప్టెంబర్ 2న కాలి గాయం ముదిరి పారిస్ ఆస్పత్రిలో కన్నుమూశారు. వయసు 66. పేదల స్మశానంలో పూడ్చారు. తర్వాత కవి అపోలినేర్ రాసిన కవితను శిల్పి బ్రాంకుసీ సమాధి రాయిపై చెక్కారు.

1947లో ఆయన అవశేషాలను లవాల్‌కు తీసుకొచ్చారు. అక్కడి పార్కులో ఇప్పుడు సమాధి ఉంది, ఊళ్లో ఇలాంటి చిత్రాల కోసమే ఓ మ్యూజియం కూడా ఉంది. ఆ 'జిప్సీ' మాత్రం 1939లోనే న్యూయార్క్ మోమా మ్యూజియానికి చేరిపోయింది.